పని నేర్పిన సేఠు: జంషెడ్‌జీ టాటా జీవితం

 సంచికలో ఒక పెద్దమనిషి జీవితం రాసుకోవటం మనకు అలవాటే. ఈసారి రాస్తున్నది మన కులం కాని, మన భాష కాని మనిషి గురించి. ఆయన జంషెడ్‌జీ నుసర్వాన్‌జీ టాటా. ఉక్కు కర్మాగారం, తాజ్‌మహల్ హోటల్ అనగానే ఆయన పేరు అందరూ చెప్తారు. కానీ ఆయన ముందుగా మన రంగం మనిషి, నూలు మిల్లు మనిషి అన్న సంగతి చాలామందికి గుర్తుండదు. మిల్లులో కుర్రాళ్లకు పని నేర్పటం యజమాని బాధ్యత అని మన దేశంలో తొలి రోజుల్లోనే గుర్తించినవాళ్లలో ఆయన ఒకరు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ సంగతి కోసమే.

ముందుగా మన ఇంటి ముచ్చట ఒకటి గుర్తు చేసుకుందాం. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి గుంట మగ్గం వదిలి బొంబాయి రైలెక్కిన మన తాతలకు పడుగు, పేక పుట్టుకతోనే తెలుసు. మిల్లు సాంచ మాత్రం తెలియదు. మగ్గం మన కాలు, చెయ్యి చెప్పినట్టు వింటుంది. సాంచ ఇంజను చెప్పినట్టు తిరుగుతుంది, మనిషే దాని వెంట ఉరకాలి. ఆ పని ఎవరో ఒకరు నేర్పాలి. నేర్పింది మేనమామో, ఊరివాడో. జాబర్‌ను బతిమాలుకుని పిల్లగాణ్ణి ఖాతాలోకి తీసుకుపోయి తన సాంచ పక్కన నిలబెట్టుకునేవాడు. తెగిన పోగు ఎట్ల కలపాలో, నాడెలో కండె ఎట్ల మార్చాలో చూపించేవాడు. నేర్చుకున్న రోజులకు కూలీ లేదు, కాగితం లేదు. పని వచ్చాక కూడా ఏళ్ల తరబడి బదిలీగా గేటు ముందు నిలబడాలి. పర్మినెంటు మనిషి ఎవరైనా రాకపోతే ఆ రోజుకు కూలీ, అందరూ వస్తే ఉత్త చేతులతో చాళ్‌కు తిరుగు ప్రయాణం. జాబర్ చేతిలో దస్తూరి పెట్టనిదే సాంచ దొరకదన్న ఫిర్యాదులు ఎక్కువై, 1935లో బొంబాయి మిల్లు యజమానులు బదిలీ కార్డుల పద్ధతి తెచ్చారు.

మనోళ్లు పని నేర్చుకున్న దారి అది. నేర్పిన భారమంతా చుట్టాల మీద, ఊరివాళ్ల మీద పడింది. లాభం మాత్రం మిల్లుకు పోయింది. ఇది మనసులో పెట్టుకుని జంషెడ్‌జీ కథ చదవండి.

నవసారి నుంచి బొంబాయికి

జంషెడ్‌జీ 1839 మార్చి 3న గుజరాత్‌లోని నవసారిలో పుట్టారు. పార్సీ పూజారుల కుటుంబం. తరతరాల పూజారితనం వదిలి వ్యాపారంలోకి దిగిన మొదటివాడు తండ్రి నుసర్వాన్‌జీ. ఒక్కమాటలో చెప్పాలంటే కులవృత్తి మారిన ఇల్లు అది. మగ్గం వదిలి మిల్లుకు, మిల్లు వదిలి ఇంకో కొలువుకు మారిన మన ఇళ్లకు ఆ తబ్బిబ్బు కొత్తేం కాదు.

పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో జంషెడ్‌జీ బొంబాయి వచ్చి ఎల్ఫిన్‌స్టన్ సంస్థలో చేరారు. 1858లో చదువు ముగించారు. వెంటనే తండ్రి దుకాణంలో పనికి కూర్చున్నారు. లెక్కలు రాయటం, సరుకు చూడటం, ఉత్తరాలు పంపటం, అన్నీ అక్కడే నేర్చుకున్నారు. మరుసటి ఏడే తండ్రి ఆయన్ను హాంకాంగ్‌కు పంపారు. ఆ రోజుల్లో చైనా వ్యాపారం అంటే పత్తి, నల్లమందు. టాటా సంస్థ కూడా ఆ రెండు సరుకులూ అమ్మింది. ఇరవై ఏళ్ల కుర్రాడు పరాయి రేవులో కొనుగోలు, అమ్మకం, ఓడ సరుకు పనులు చేస్తూ చేస్తూ నేర్చుకున్నాడు. ఇప్పుడు మన పిల్లలు ఇంటర్న్‌షిప్ అంటున్నది ఇట్లాంటి దాన్నే. తేడా ఏమంటే ఆయనకు ఆ అవకాశం కన్నతండ్రి ఇచ్చాడు. తండ్రికి దుకాణం లేని పిల్లవాడి సంగతేంటి అన్న ప్రశ్న తరవాత ఆయన చేసిన పనుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

దివాలా నేర్పిన పాఠం

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండ్‌కు రావటం ఆగింది. బొంబాయి పత్తికి బంగారం ధర పలికింది. ఊరంతా షేర్ల పిచ్చిలో మునిగింది. 1864 చివర్లో జంషెడ్‌జీ లండన్ బయలుదేరారు. ఓడ అక్కడికి చేరేలోపే ధరలు పడిపోవటం మొదలైంది. 1865లో యుద్ధం ముగిసింది, బొంబాయి కుప్పకూలింది. ఆయన చేతిలో ఉన్న హుండీలకు విలువ లేకుండా పోయింది.

ఆయన మొహం చాటెయ్యలేదు. అప్పులవాళ్ల దగ్గరికి తానే వెళ్లి లెక్కలు ముందు పెట్టారు. ఆ నిజాయితీ చూసి వాళ్లు ఆయన్నే ఆ లెక్కలు తేల్చే మనిషిగా, నెలకు 20 పౌన్ల జీతం మీద పెట్టుకున్నారు. ఆ ఇంగ్లండ్ రోజుల్లోనే లాంకషైర్ మిల్లులను దగ్గర నుంచి చూసే అవకాశం దొరికింది. మన పత్తి అక్కడికి పోయి, బట్టగా మారి, మన బజార్లకే తిరిగి వస్తున్న తీరు ఆయన కళ్లారా చూశారు. ఆ బట్ట మూలంగానే మన పల్లెల్లో మగ్గాలు మూలపడ్డాయని మనకు వేరే చెప్పక్కర్లేదు.

చించ్‌పోక్లి నుంచి నాగపూర్‌కు

1868లో 21 వేల రూపాయల పెట్టుబడితో ఆయన సొంత వ్యాపారం మొదలుపెట్టారు. 1869లో చించ్‌పోక్లిలో దివాలా తీసిన ఒక నూనె మిల్లును కొని, బట్టల మిల్లుగా మార్చి, అలెగ్జాండ్రా మిల్లు అని పేరు పెట్టారు. కామాటిపుర నుంచి నడిచిపోయే దూరమే. రెండేళ్లు నడిపి లాభానికి అమ్మేశారు. మళ్లీ లాంకషైర్ పోయి ఈసారి మరింత శ్రద్ధగా యంత్రాలనూ పనివాళ్ల తీరునూ పరిశీలించి వచ్చారు.

అప్పటికి మిల్లు అంటే బొంబాయే. జంషెడ్‌జీ మాత్రం పత్తి పండే చోటుకు, బొగ్గు దొరికే చోటుకు దగ్గరగా పెట్టాలనుకుని నాగపూర్ ఎంచుకున్నారు. 1874లో 15 లక్షల రూపాయల మూలధనంతో కంపెనీ పెట్టారు. అక్కడ కొన్నది బురద నేల. అది పూడ్చటానికి డబ్బు పొయ్యటం బంగారాన్ని మట్టిలో పూడ్చినట్టేనని నాగపూర్ షావుకారు ఒకాయన పెట్టుబడికి ససేమిరా అన్నాడట. 1877 జనవరి 1న, విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిన రోజునే, ఎంప్రెస్ మిల్లు మొదలైంది. సుమారు 30 వేల కదుళ్లు, 450 సాంచెలు. నాగపూర్ చుట్టుపక్కల కోష్టీలనే నేతకులం ఉంది. వాళ్ల కథ మన కథకు అన్నదమ్ముల కథ లాంటిదే.

మిల్లే బడి అయింది

మిల్లు లేచింది, యంత్రాలు వచ్చాయి. నడిపేవాళ్లేరి? ఆ కాలంలో మిల్లు మాస్టర్లు, ఇంజనీర్లు చాలామంది లాంకషైర్ దొరలు. జీతాలు ఎక్కువ, ఒప్పందం అయిపోగానే వెళ్లిపోతారు. వాళ్లతో పాటే విద్య కూడా వెళ్లిపోతుంది.

జంషెడ్‌జీ ఎంచుకున్న దారి చూడండి. మేనేజరుగా బెజోన్‌జీ దాదాభాయ్ మెహతాను పెట్టుకున్నారు. ఆయన అంతకు ముందు రైల్వేలో పనిచేసిన మనిషి. నూలు, నేత గురించి ఏమీ తెలియదు. సాంకేతిక వ్యవహారాలకు బ్రూక్స్‌బీ అనే ఇంగ్లీషు నిపుణుణ్ణి పక్కన ఉంచారు. బెజోన్‌జీ మిల్లులోనే మిల్లు నేర్చుకుని, దేశంలో పేరున్న మిల్లు మేనేజర్లలో ఒకరయ్యారు. మనిషిలో సరుకు ఉంటే పని నేర్పుకోవచ్చు, నేర్పే ఓపిక యజమానికి ఉండాలి. ఎంప్రెస్ మిల్లు మొదటి పాఠం అదే.

రెండో అడుగు ఇంకా పెద్దది. చదువుకున్న భారతీయ కుర్రాళ్లను అప్రెంటిస్‌లుగా మిల్లులోకి తీసుకునే పద్ధతి పెట్టారు. పుస్తకం చదివిన పిల్లవాడు ఖాతాలోకి దిగి, నూనె మరకలు అంటించుకుని, చూస్తూ చేస్తూ పని నేర్చుకోవాలి. పని వచ్చాక బాధ్యతలు అప్పగించాలి. డిగ్రీ చేతిలో పట్టుకుని గుమస్తా కొలువు కోసం తిరిగే ఆ కాలపు కుర్రాళ్లకు అదొక కొత్త దారి. దొరలే మాస్టర్లుగా ఉండాలన్న నమ్మకం సడలటానికి ఇట్లాంటి ప్రయత్నాలే కారణం.

అదే కాలంలో బొంబాయిలోనూ కదలిక వచ్చింది. 1887లో బైకల్లాలో విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. మిల్లు యజమాని దిన్‌షా పేటిట్ దానికి పెద్ద దాత. కామాటిపురకు కూతవేటు దూరంలో వస్త్ర విద్య నేర్పే బడి వచ్చిందన్నమాట. 1923లో అది మాటుంగకు మారింది. ఈనాటికీ మన పిల్లలు సీటు కోసం కలలు కనే వీజేటీఐ అదే.

కార్మికుల విషయంలోనూ జంషెడ్‌జీ ఆలోచన వేరుగా నడిచింది. మొదట్లో నాగపూర్‌లో హాజరు తక్కువగా ఉండేది. జరిమానాలతో బెదిరించే బదులు, నిలకడగా పనికి వచ్చేవాళ్లకు బహుమతులు ఇచ్చారు. 1886లో పింఛను నిధి పెట్టారు. 1895లో పనిలో గాయపడ్డవాళ్లకు పరిహారం మొదలుపెట్టారు. పరిహారం ఇవ్వాలని చట్టం వచ్చింది 1923లో. చట్టం కన్నా 28 ఏళ్ల ముందే ఆ మిల్లు ఆ పని చేసింది. గాలిలో తేమ ఉంచే యంత్రాలు, మంటలు ఆర్పే స్ప్రింక్లర్లు కూడా అక్కడ ముందుగానే వచ్చాయి.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. అప్రెంటిస్ తలుపు తెరుచుకున్నది చదువుకున్నవాళ్లకు. నేతగాడి కొడుక్కి ఆ రోజుల్లో చదువెక్కడిది? వాడు ఇంకో తలుపు నుంచి వచ్చాడు, చిన్నప్పుడే కూలీగా. 1881 ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్ల లోపు పిల్లలను మాత్రమే వద్దన్నది. 1891లో ఆ వయసు తొమ్మిదికి పెంచారు. అంటే తొమ్మిదేళ్ల పిల్లవాడు ఖాతాలో ఉండటం అప్పుడు చట్టబద్ధమే. ఒకే మిల్లులో ఒకడు నేర్చుకుని మాస్టర్ అవుతాడు, ఇంకొకడు నేర్చుకుని కూలీగానే మిగిలిపోతాడు. తేడా చదువులో ఉంది. మన పెద్దలు తినీ తినక బొంబాయిలో పిల్లలను తెలుగు, మరాఠీ బడులకు పంపింది ఈ తేడా తెలిసే.

పట్టుపురుగుల బడి

1886లో జంషెడ్‌జీ కుర్లాలో దివాలా తీసిన ధరమ్‌సీ మిల్లును కొని స్వదేశీ మిల్లుగా మార్చారు. పాత యంత్రాలతో చాలా కష్టాలు పడ్డారు, సొంత ఆస్తి పణంగా పెట్టి దాన్ని నిలబెట్టారు. ఆ కథ పెద్దది, ఇక్కడ వద్దు. మనకు ఇంకా దగ్గరి ముచ్చట ఒకటుంది.

1893లో ఆయన జపాన్ వెళ్లారు. అక్కడి పట్టు పరిశ్రమ చూశారు. మైసూరు రాజ్యంలో పట్టు ఎప్పటి నుంచో ఉన్నా ఆ రోజుల్లో చిక్కిపోయి ఉంది. బెంగళూరు బసవనగుడి దగ్గర టాటా పట్టు క్షేత్రం పెట్టి, జపాన్ నుంచి నిపుణులను రప్పించారు. మల్బరీ పెంచటం, పురుగులకు తెగుళ్లు రాకుండా చూడటం, గూళ్ల నుంచి దారం తియ్యటం అక్కడ స్థానికులకు చేయించి మరీ నేర్పారు. అమ్ముకోవటానికి పట్టు తియ్యటం కన్నా, తీసే విద్య నలుగురికీ పంచటం దాని ఉద్దేశం. మైసూరు ప్రభుత్వం కూడా సాయం చేసింది.

ధర్మవరంలో, పోచంపల్లిలో మనవాళ్లు బెంగళూరు పట్టు కొని చీర నేస్తున్నప్పుడు, ఆ పోగు వెనక ఇట్లాంటి బడులు ఉన్నాయని గుర్తు పెట్టుకోవాలి. ముడిసరుకు దగ్గర విద్య పెరిగితే మగ్గం దగ్గర బతుకు నిలబడుతుంది.

ముందు మనవాళ్లకు, తరవాత అందరికీ

1892లో ఆయన పై చదువుల నిధి పెట్టారు. విదేశాల్లో చదువుకోవటానికి తెలివైన పిల్లలకు అప్పుగా డబ్బు ఇచ్చేవారు. చదువుకుని సంపాదించాక తిరిగి కట్టాలి, ఆ డబ్బుతో ఇంకొకరు చదువుకోవాలి. దానం అయితే ఒకరితో ఆగిపోతుంది, ఇది తిరిగే డబ్బు. మన చాళ్లలో చీటీలు వేసుకున్నవాళ్లకు ఈ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది.

మొదట ఆ నిధి పార్సీలకు మాత్రమే. రెండేళ్లు తిరగకముందే, 1894లో, భారతీయులందరికీ తెరిచారు. కుల సంఘాలుగా మనం ఆగి ఆలోచించాల్సిన చోటు ఇదే. మన ఇంటి పిల్లలతో మొదలుపెట్టటం సహజం. అక్కడే ఆగిపోవటం మన చిన్నతనం.

1898లో శాస్త్ర విద్యకు పెద్ద సంస్థ కోసం తన ఆస్తిలో భారీ భాగం ఇవ్వటానికి ముందుకొచ్చారు. అది 1909లో బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌గా ఏర్పడింది. ఆయన చూడలేదు. 1903 డిసెంబర్‌లో తాజ్‌మహల్ హోటల్ తెరవటం చూశారు, అంతే. 1904 మే 19న జర్మనీలోని బాడ్ నౌహైమ్‌లో కన్ను మూశారు. వయసు 65.

ఆయన మొదలుపెట్టిన పనులు కొడుకులు దోరాబ్‌జీ, రతన్‌జీ, బంధువులు, సహచరులు ముందుకు తీసుకుపోయారు. ఆయన పేరు మీద వెలిసిన జంషెడ్‌పూర్‌లో 1912లో ఉక్కు వచ్చింది. 1921లో అక్కడే కుర్రాళ్లకు పని నేర్పే టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. ఆ ఊళ్లో స్థిరపడిన తెలుగువాళ్లు ఎందరో. 1915 నుంచి టాటా జలవిద్యుత్తు ఖోపోలీ నుంచి బొంబాయి మిల్లులకు వచ్చింది. 1936లో దోరాబ్‌జీ టాటా ట్రస్టు సాయంతో నాగ్‌పాడాలో, అంటే కామాటిపుర పక్కనే, సమాజసేవ నేర్పే కళాశాల మొదలైంది. ఈనాటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అదే. తరగతి గదిలో ఎంత చదువో, బస్తీలకు పోయి పని చెయ్యటం కూడా అక్కడ అంతే చదువు.

ఇప్పుడు మన వంతు

1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు 2.5 లక్షల మంది కార్మికులు బయటికొచ్చారు. చాలామంది మళ్లీ లోపలికి పోలేదు. వర్లి, లోయర్ పరేల్‌లో పొగగొట్టాలు పోయి గాజు భవనాలు లేచాయి. మామ పక్కన నిలబడి సాంచ నేర్చుకునే దారి ఆ రోజుతో మూసుకుపోయింది. అది కష్టాల దారే, అయినా ఒక దారి. ఇప్పుడు మన పిల్లలకు డిగ్రీలు ఉన్నాయి. బీకాం, బీఎస్సీ, ఇంజనీరింగ్. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అనుభవం ఉందా అని. కొలువు లేనిదే అనుభవం రాదు, అనుభవం లేనిదే కొలువు రాదు. ఈ ముడి విప్పగలిగింది యజమాని ఒక్కడే.

చట్టం కొంత దారి చూపించింది. 1961 అప్రెంటిస్ చట్టం కింద 2019 నిబంధనల ప్రకారం 30 మంది గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవటం తప్పనిసరి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్న సంస్థలు ఇష్టమైతే తీసుకోవచ్చు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1500 రూపాయలు మించకుండా, ప్రభుత్వం భరించేట్టు ఏర్పాటు చేసింది. 2024లో ప్రకటించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం పెద్ద కంపెనీల్లో ఏడాది పాటు పని నేర్చుకునే అవకాశం చూపింది. మన పిల్లలు ఈ పోర్టళ్లలో పేరు నమోదు చేసుకోవాలి. చేసుకోవటం రాకపోతే, వచ్చినవాళ్లు పక్కన కూర్చుని చేయించాలి.

కానీ అసలు మాట మన యజమానులతో. భివండీలో సాంచెల కార్ఖానాలు, సోలాపూర్‌లో చద్దర్లు, టవళ్ల యూనిట్లు, ముంబైలో టైలరింగ్, గార్మెంట్ వర్క్‌షాపులు, ఆడిటింగ్ ఆఫీసులు, మందుల దుకాణాలు మనవాళ్లవి ఎన్నో ఉన్నాయి. ఒక్కొక్కరు ఏడాదికి ఒక్క పిల్లనో, పిల్లవాణ్ణో ఆరు నెలలు పక్కన పెట్టుకుని పని నేర్పితే చాలు. చేతికి కొంత డబ్బు ఇవ్వాలి. ఏం నేర్పుతారో ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి. అయిపోయాక సర్టిఫికెట్ ఇవ్వాలి. నేర్పుతానని చెప్పి ఊరికే చాకిరీ చేయించుకోవటం మాత్రం వద్దు. మన తాతలు అట్లాంటి చాకిరీ చాలా చేశారు, అది చాలు.

పిల్లలకు కూడా ఒక మాట. ఇంగ్లండ్‌లో దివాలా తీసినవాడు నెలకు 20 పౌన్లకు లెక్కలు రాయటానికి సిగ్గుపడలేదు. మొదటి పని చిన్నదని వదులుకోకండి. మిల్లులో మేనేజరైన బెజోన్‌జీకి మొదటి రోజున కదురంటే ఏమిటో తెలియదు.

మన తాతలకు సాంచ నేర్పిన మేనమామకు మిల్లు ఏమీ ఇవ్వలేదు. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆ మేనమామ చేసిన పనిని ఇకనైనా మన సంఘాలు, మన యజమానులు నెత్తికెత్తుకోవాలి. ఈ వార్షికోత్సవానికి వచ్చే ప్రతి యజమానీ ఒక్క పిల్లవాడి పేరు రాసుకుని ఇంటికి పోతే, మరుసటి సంచికలో ఆ పిల్లలు ఏం నేర్చుకున్నారో రాసుకోవచ్చు.